ఫోటోలో మగ్గు ఉండాలా వద్దా

మంచుకొండ మీద మా సైన్యం పోస్టుకి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. వీపు మీద మూట. కాళ్ళకి రెండు జతల మేజోళ్ళు. ముక్కులో గడ్డకట్టిన చీమిడి. నన్ను చూసి పోస్టు కమాండరు, ఒక హవల్దారు, చెప్పిన మొదటి మాట, "తలుపు వెయ్యి." తలుపంటే గోనెపట్టా.

మాది తుని. మా వంశంలో నాకు ముందు ఎవరూ ఆయుధం పట్టలేదు. బట్టల కొట్టులో కత్తెర పట్టారంతే. మంచు అంటే నాకు తెలిసింది రొయ్యల పెట్టెల్లో కొట్టి పోసే ఐసు. పైన మంచుకి రొయ్యల వాసన ఉండదని సంతోషపడ్డాను. కిరసనాయిలు వాసన ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

మంచు తెల్లగా ఉంటుందని మీరు అనుకుంటారు. అది దూరం నుంచి. బంకరు ముందు మంచు నల్లగా ఉంటుంది, పొయ్యి మసి. వంట చేసే చోట గోధుమరంగు, పారబోసిన టీ. కాస్త కిందికి పసుపు. అదేంటో చెప్పను. ఎక్కడా కరగదు, ఎక్కడికీ పోదు. మా ముందు బ్యాచ్ వాళ్ళ పసుపు మీద మా పసుపు. దగ్గితే నల్లటి కళ్ళె. రేకు డబ్బాలో అనాస ముక్కలు పొద్దున్నా, సాయంత్రమూ. ఇప్పటికీ అనాస పళ్ళ బండి కనపడితే రోడ్డు దాటి అవతలికి పోతాను.

ఒక్క మంచి సంగతి, రేడియో చూసేవాడు మనవాడే. జంగారెడ్డిగూడెం. వయసులో పెద్ద, రేడియో అన్న అనేవాడిని. అన్న సామానులో ఒక నారింజ రంగు ప్లాస్టిక్ మగ్గు ఉండేది. అందరూ కాగితం వాడతారు. అన్న వాడడు.

"కాగితంతో తుడుచుకుంటే అయిపోయినట్టేనా? చేతికి పేడ అంటితే కాగితంతో తుడిచి అన్నం తింటావేంట్రా?" అనేవాడు.

రోజూ మంచు కరిగించి, వేడి చేసి, మగ్గులో పోసుకుని, పొగలు కక్కే ఆ మగ్గుతో తాడు పట్టుకుని వెళ్ళేవాడు. బంకరు నుంచి మరుగుదొడ్డి దాకా ఆ తాడు కట్టి ఉండేది. గాలి లేచిన రోజు ఆ తాడే దారి. హవల్దారు సెల్యూట్ కొట్టి సాగనంపేవాడు.

జనవరిలో కింద బేస్ క్యాంపు నుంచి రేడియోలో ఆదేశం వచ్చింది. ప్రతి పోస్టు నుంచి ఒక శీతాకాలపు దృశ్యం ఫోటో పంపాలి, ఆఫీసర్ల మెస్సు గోడకి.

"మనుషులు ఉండకూడదు. చెత్త ఉండకూడదు. ఓవర్."

"రెండూ తీసేస్తే ఇక్కడ ఇంకేమీ మిగలదు సార్. ఓవర్," అన్నాడు అన్న.

అటు నుంచి చాలాసేపు గరగర. తరువాత, "మంచు తీయండి. ఓవర్ అండ్ అవుట్."

పోస్టులో ఒక కెమెరా ఉండేది, ఫోన్లు పైకి రానివ్వరు కనుక. ఆ కెమెరా నాకిచ్చారు. బట్టల కొట్టువాడికి రంగులు తెలుస్తాయని హవల్దారు నమ్మకం.

ఫోటో తీసేలోపే గాలి లేచింది. ఆ మధ్యాహ్నం అన్న మగ్గుతో వెళ్ళాడు. నిమిషం పనే కదా అని బూట్లకి లేసులు కట్టలేదు. లేచేటప్పుడు గాలి తోసింది. మగ్గులో నీళ్ళు సగం కుడి బూటులోకి పోయాయి. కాలు చూసుకుంటూ తాడు వదిలాడు. మళ్ళీ దొరకలేదు. బంకరు ఇటుంటే అటు నడిచాడు.

మేం నడుములకి తాళ్ళు కట్టుకుని వెతికాం. ఆకాశం తెలుపు, నేల తెలుపు, మా పైకోట్లు తెలుపు, అన్న పైకోటూ తెలుపే. శత్రువుకి కనపడకూడదని కుట్టినవి. స్నేహితుడికీ కనపడవు. హవల్దారు బూతులు తిడుతూ అరుస్తున్నాడు. నేను "అన్నా" అని అరుస్తున్నాను. గాలి రెండింటినీ సమానంగా మింగేస్తోంది.

అప్పుడు కింద, వాలులో, నారింజ రంగు. ఇంత చుక్క. ఊగుతోంది.

అన్న మోకాళ్ళ మీద కూర్చుని మగ్గు పైకెత్తి పట్టుకున్నాడు. దగ్గరికెళ్ళగానే అన్నాడు, "ఆలస్యమైందేంట్రా, క్యూ ఉందా?"

తడిసిన కాలికి రెండు వేళ్ళు పోయాయి. మర్నాడు ఆకాశం తేటపడితే అన్నని హెలికాప్టరులో కిందికి దించారు. మగ్గు అక్కడే వాలులో ఉండిపోయింది. నేను కెమెరా తీసుకెళ్ళి ఫోటో తీశాను. వెనక కొండ, మీద ఎండ. ముందు మసి, పసుపు, నారింజ మగ్గు.

కెమెరా తెరమీద చూసి హవల్దారు ముక్కు మూసుకున్నాడు. "బ్లాక్ అండ్ వైట్ చెయ్యి."

చేశాను. పసుపు బూడిదరంగయింది. మసి నీడయింది. మగ్గు రాయయింది. కింద మెస్సులో పెద్ద ఫ్రేములో పెట్టారు. చూడ్డానికొచ్చిన ఒకావిడ, "ఎంత పవిత్రంగా ఉందండీ!" అందట. నేను మూడు రోజులు సరిగా తినలేకపోయాను. అనాస వల్ల కూడా కావచ్చు.

నాలుగేళ్ళ ఉద్యోగం అయిపోయి ఇంటికొచ్చాను. అన్న అప్పటికే జంగారెడ్డిగూడెంలో జీడిపప్పు కొట్టు పెట్టాడు. ఆ ఫోటో ఒకటి తెమ్మన్నాడు. తునిలో స్టూడియోకి వెళ్ళి రెండూ ప్రింటు తీయమన్నాను, ఒకటి రంగుల్లో, ఒకటి బ్లాక్ అండ్ వైట్.

"బ్లాక్ అండ్ వైటా? ఎవరు పోయారండి?" అన్నాడు స్టూడియో ఆయన.

"ఎవరూ పోలేదండి. రెండు కాలివేళ్ళు."

"అయ్యో. పేరేం వెయ్యమంటారు?"

వద్దన్నాను. అయినా బ్లాక్ అండ్ వైట్‌కి చుట్టూ దండ, కింద రెండు దీపాలు వేసి ఇచ్చాడు. దండకి వేరే తీసుకోలేదు, అభిమానం.

అన్న రెండూ కౌంటరు మీద పెట్టుకుని చూశాడు. దండ చూసి, "నన్ను చంపేశావేంట్రా," అన్నాడు. అయినా చెయ్యి దాని మీదికే పోయింది. "ఇదే బాగుంది. దండ కత్తిరించేద్దాం."

"ఇందులో నువ్వు లేవు అన్నా. రాయి ఉంది."

అన్న గొంతు తగ్గించాడు. సంగతి అప్పుడు తెలిసింది. మంచుకొండ విరిగి మీద పడితే వేళ్ళు పోయాయని ఊళ్ళో చెప్పాడు. ఏటా జెండా పండగకి స్కూలువాళ్ళు పిలుస్తారు. శాలువా కప్పుతారు. ఏటికేడాది కొండ పెద్దదవుతోంది. వదినకి చెప్పింది కూడా కొండే.

"దొడ్డికెళ్ళి పోగొట్టుకున్నానని మైకులో ఎలా చెప్పమంటావురా?"

నాకు అసహ్యం వేసింది. ఆయన మీద కాదు. ఆ శాలువాల మీద, మెస్సు గోడ మీద, పవిత్రం అన్నావిడ మీద. మనిషి చలికి బిగుసుకుపోయి మగ్గెత్తి బతికితే సరిపోదు, మీద కొండ కూడా పడాలి వీళ్ళకి.

ఆ మాట అనేలోపు వదిన లోపల్నుంచి మజ్జిగ తెచ్చింది. రంగుల ఫోటో చూసింది. గ్లాసు కింద పెట్టింది.

"ఇదేంటండీ, మన మగ్గు అక్కడుంది?"

ఆ రంగు బకెట్టూ మగ్గూ సంతలో జతగా కొన్నది ఆవిడే. బకెట్టు ఇంకా పెరట్లోనే ఉంది. అన్న నా వైపు చూశాడు. నేను మజ్జిగ వైపు చూశాను. చాలా బాగుంది, అల్లం వేశారు.

అన్న చెప్పేశాడు. బూటు, నీళ్ళు, తాడు. తనని మేం ఎలా వెతికామో కూడా.

వదిన నవ్వలేదు. ఫోటో ఎత్తి వెలుతురులో పెట్టి, నారింజ చుక్క మీద వేలు పెట్టి అలాగే ఉంచింది.

"రంగుదే కట్టించండి," అంది చివరికి. "వేళ్ళు తీసుకుంది కొండయితే ఎవర్ని తిట్టను? మగ్గయితే కొన్నది నేనే, నోరారా తిట్టుకోవచ్చు. దణ్ణం కూడా పెట్టుకోవచ్చు."

"మరి జెండా పండగో?" అన్నాడు అన్న.

"ఈసారి నన్ను పిలవమనండి. నేను చెప్తాను."

రంగులదే ఇప్పుడు కొట్టులో గల్లాపెట్టె మీద ఉంది. పసుపు, మసి, అన్నీ కనపడతాయి. పప్పు కొనేవాళ్ళు అడుగుతారు, అన్న చెప్తాడు. కొందరు మొహం తిప్పుకుంటారట.

ఆ ఫోటోలో లేనిది ఒకటుంది. ఫోటో తీశాక నేను మగ్గు తీసి బోర్లించాను. అందులో మిగిలిన నీళ్ళు గడ్డకట్టి, మగ్గు ఆకారంలోనే జారి మంచు మీద నిలబడ్డాయి. ఒక్క మరక లేదు. ఎండ అందులోంచి అవతలికి పోయింది. ఆ కొండ మీద నేను చూసిన శుభ్రమైన వస్తువు అదొక్కటే. కళ్ళు మూసుకున్నప్పుడల్లా అదే కనపడుతుంది.

ఏం నీళ్ళో గుర్తొచ్చి, మళ్ళీ కళ్ళు తెరుస్తాను.