అంజనమ్మ వంకర సాళ్లు

అంజనమ్మ మాత్ర మింగేది ఇంటి లోపల కాదు, వీధి అరుగు మీద. సంగటి తిని, చెయ్యి కడుక్కొని, చెంబుతో నీళ్లు తెచ్చుకొని కూర్చుంటుంది. వీధిలో పోయేవాళ్లు తనవైపు చూశాకే మాత్రను నాలుక మీద పెట్టుకుంటుంది. వీధి ఖాళీగా ఉంటే కాసేపు ఎదురుచూస్తుంది కూడా.

"ఏమ్మే, మందు తింటాండావా, బజారుకు చూపిస్తాండావా?" అని లోపలినుంచి ఆమె అత్త రామలక్ష్మమ్మ అరుస్తుంది.

"రెండూ" అంటుంది అంజనమ్మ.

రామలక్ష్మమ్మ మా అమ్మను కన్న తల్లి, నాకు అవ్వ. అంజనమ్మ మా మామ ఈరన్న భార్య, నాకు అత్త. వాళ్ల ఊరు గోరంట్ల నుంచి లోపలికి, ఎర్రనేలల మధ్య ఉంటుంది. వాన వస్తే వేరుశనగ, రాకపోతే బెంగుళూరు బస్సు. ఆ ఊళ్లో మనుషులకు తెలిసిన దారులు ఈ రెండే.

అత్తకు జబ్బు ఒక ఎండాకాలంలో మొదలైంది. ఎందుకు వచ్చిందని అందరూ అడిగేవాళ్లు. బోరు ఎండిందనా? ఆ ఊళ్లో బోరు ఎండని ఇల్లే లేదు. మొగుడు కొట్టాడా? లేదు. పిల్లలు మాట వినలేదా? వాళ్లు వినేవాళ్లే. చెప్పడానికి ఒక కారణం లేకపోవడమే అత్తను ఎక్కువ బాధపెట్టింది. ట్యాంకరు వచ్చి అందరికీ నీళ్లు పోసి వెళ్లిపోయినా ఆమె ఖాళీ బిందె ఒళ్లో పెట్టుకొని అక్కడే కూర్చుని ఉండేది. తల దువ్వుకునేది కాదు. అన్నం నోట్లో పెట్టుకొని నమలడం మరిచిపోయేది.

గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టారు. ఒకాయన వచ్చి వేపమండలతో కొట్టాడు. ఒళ్లంతా గీతలు పడ్డాయి గానీ అత్తకు కంట్లో నీరు కూడా రాలేదు.

వెనక వీధిలో బట్టలు కుట్టే మాబీ ఆ గీతలు చూసింది. మరుసటి బుధవారం మిషను మీద గుడ్డ కప్పి, అత్త చెయ్యి పట్టుకొని హిందూపురం బస్సు ఎక్కించింది. అక్కడి ఆసుపత్రిలో డాక్టరు మందులు రాశాడు. ఆయన కంటే ఎక్కువసేపు మాట్లాడింది ప్రసూన అనే కౌన్సిలరు. ఆమె అత్తకు పెద్ద పనులేమీ చెప్పలేదు. పొద్దున్నే తల దువ్వుకో. చేని గట్టు దాకా నడిచి రా. రోజుకొక నిజం ఎవరికైనా ఒకరికి చెప్పు.

"ఏం నిజం?" అని అడిగిందట అత్త.

"ఆ పొద్దు నీకు నిజంగా ఎట్లుంటే అది."

అత్త మొదట బర్రెకు చెప్పింది. "నాకు ఈ పొద్దు లేచేకే మనసు రాలేదు" అని దాని చెవి దగ్గర చెప్పి పాలు పిండింది. బర్రె ఎవరికీ చెప్పలేదు. ఆ ధైర్యంతో మాబీకి చెప్పింది. తర్వాత మా అవ్వకు.

"నువ్వు నన్ను పిచ్చిదంటే నాకు సంగటి దిగదత్తా" అందట.

అవ్వ కంచం ఆమె ముందుకు జరిపిందట. "సరే, ఇంగ అననులే. తిను" అందట.

మందులు మొదలుపెట్టిన కొన్ని నెలలకు అత్త ఒక తప్పు చేసింది. మనసు తేలికపడగానే మాత్రలు మింగడం మానేసి, వాటిని విత్తనాల గాదెలో దాచిపెట్టింది. మా నేల మీద మనుషులకు దాచడం పుట్టుకతో వచ్చే బుద్ధి. గింజ ఉంటే కరువుకు దాస్తారు, గడ్డి ఉంటే వేసవికి దాస్తారు. అత్త మాత్రల్నీ అట్లాగే దాచింది. ఉగాది నాటికి ఆమె మళ్లీ ఖాళీ బిందెతో ట్యాంకరు దగ్గర కూర్చుంది.

ప్రసూన కోప్పడలేదు. "ఎందుకు దాచినావమ్మా?" అని మాత్రం అడిగింది.

"బాగున్నప్పుడు యేంటికి ఖర్చు చేసేది మేడమ్? మళ్లా చెడ్డకాలం వస్తే ఉంటాయి కదా అని."

"పైరుకు ఈ వారం ఇయ్యాల్సిన తడిని ఎండాకాలానికి దాచిపెడ్తావా?"

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆమె నవ్వి ఏడాది దాటిందని మాబీ చెప్పింది. ఆ రోజు నుంచే మాత్ర అరుగు మీదికి వచ్చింది. నేను మరిచిపోయినా బజారు అడుగుతుంది అని అత్త లెక్క. బజారు నిజంగానే అడిగేది. కొందరు ఎగతాళిగా, కొందరు మామూలుగా. "అంజనమ్మా, ఈ పొద్దు ఇంకా మింగలేదే?"

కానీ అరుగు మీద మాత్రను ఓర్చుకున్న ఊరు చేనులో విత్తనాన్ని ఓర్చుకోలేదు.

మా మామ వంశంలో ఏటా మొదటి విత్తనం ఇంటి కోడలు వేయాలి. విత్తనం వేసే గొర్రు మీద చెక్క గిన్నె ఉంటుంది, దాన్ని జడ్డిగం అంటారు. ఒడి నిండా గింజలు నింపుకొని గొర్రు వెంట నడుస్తూ కోడలు ఆ గిన్నెలో గింజలు వదలాలి. అత్త ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమే వదిలింది. జబ్బు మనిషని నిరుడు వద్దన్నారు. నడుము వంగిన మా అవ్వ వేసింది. ఈ ఏడు ఆరుద్ర కార్తెలో మంచి పదును వాన పడగానే, "ఈ తూరి నేనే వేస్తా" అని అత్త ముందే చెప్పేసింది.

విత్తనం కాయలు వొలిచే రోజు నేనూ అక్కడే ఉన్నాను. అరుగు నిండా ఆడవాళ్లు కూర్చున్నారు. అక్కడ ముయ్యి పద్ధతి. ఈ రోజు మా ఇంట్లో అందరూ చేస్తే, రేపు మేము వాళ్లింట్లో చేస్తాం. కదిరి నుంచి ఆ ఏడే కాపురానికి వచ్చిన ఆశ్రిత కూడా ఉంది. ఆమె బయ్యన్న కోడలు. బయ్యన్న మా మామకు పెద్దనాయన కొడుకు, వంశానికి పెద్ద. ఆయన వచ్చి అరుగు ముందు నిలబడగానే వొలిచే చేతులు నెమ్మదించాయి.

"ఈరన్నా, నీ పెండ్లాన్ని విత్తనం కాడ్నుంచి లేపు. గాలి తగిలిన చెయ్యి పడితే మొలక రాదు."

మామ ఎద్దు పలుపు సరిచేస్తున్నట్టు వంగాడు.

"ఆయప్పను యేంటికి అడుగుతావు బావా? చెయ్యి నాది. నన్నే అడుగు" అంది అత్త, కాయ వొలవడం ఆపకుండా.

"నీతో నాకేం మాటలమ్మా?"

"నిరుడు నేను ముట్టలేదు కదా. మా అత్త వేసింది. మొలక యాడొచ్చింది? సగం చేను బోడిగానే ఉండె. అప్పుడు గాలి యెవరికి సోకింది బావా? వాన మోడానికా?"

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గారు.

"మొలిస్తే వాన పుణ్యం, మొలవకపోతే నా పాపమా?"

"నోరు శానా లేసిందే! హిందూపురం ఆమె మందిచ్చిందా, నోరిచ్చిందా?"

"రెండూ ఇచ్చింది."

ఈసారి నవ్వు దాచడానికి ఎవరూ దగ్గలేదు. బయ్యన్న ముఖం నల్లబడింది.

"సరే. మా ఆశ్రిత వచ్చి మొదటి విత్తనం వేస్తాది. నువ్వు ఇంట్లో వంట చూసుకో. కాదు, విత్తనం నేనే ముట్టుకుంటా అంటే నా ఎద్దు మీ కాడికి రాదు."

అది ఉత్త బెదిరింపు కాదు. మామకు ఉన్నది ఒక్క ఎద్దు. బయ్యన్నకూ ఒక్కటే. రెండూ కలిస్తేనే ఒక కాడి. ముందు ఒకరి చేను, తర్వాత మరొకరి చేను విత్తుకునేవాళ్లు. ట్రాక్టర్లు ఉన్నాయి గానీ, వాన పడిన వారం అవి పెద్ద చేల నుంచి బయటికి రావు. ఎర్రనేలలో పదును ఆగదు. రెండు ఎండలు కాస్తే నేల మళ్లీ రాయి అవుతుంది.

ఆశ్రిత తల ఎత్తలేదు. ఆమె వేళ్ల మధ్య కాయ ఒకటి పగలకుండా అట్లాగే ఉంది.

బయ్యన్న వెళ్లిపోయాక అత్త చేట తీసుకొని లోపలికి పోయింది. మామ ఆమె వెనకే వచ్చాడు. "ఒక్క పూటకు ఏమైపోతాది మే? ఆ పిల్లతో నాలుగు గింజలు వేయించుకుందాం. తక్కింది నువ్వే వేద్దువు. పదును పోతే ఏడంతా ఏం తింటాం?"

అత్త చేట కింద పెట్టింది.

"ఈ పొద్దు నిజం నీకే చెప్తా. ఆయప్ప నన్ను వేపమండలతో కొడతాంటే, నేను ఇదిలించుకోకుండా నా చేతులు పట్టుకున్యాది నువ్వే. కొట్టినాయన మొహం నాకు గుర్తు లేదు. నీ పట్టు గుర్తుండాది. ఇప్పుడు మళ్లా నా చేతులే పట్టుకుంటాండావు."

మామ గడప మీద కూర్చున్నాడు.  తర్వాత లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్లాడు. బయ్యన్న ఇంటికే పోతున్నాడనుకున్నాం. ఆయన వెనక వీధికి తిరిగాడు.

మాబీ భర్త రసూల్ సాబ్‌కు ఒక బండెద్దు ఉంది. రాళ్లు, గడ్డి, ఇసుక, ఏది చెప్పినా మోసే ఎద్దు. గొర్రు మాత్రం దాని జన్మలో లాగలేదు.

తెల్లారి దాన్ని మామ ఎద్దు పక్కన కాడికి కట్టినప్పుడు సగం ఊరు గట్టు మీదే ఉంది. బయ్యన్న రాలేదు గానీ, ఆయన మిద్దె మీద నుంచి చేను కనిపిస్తుంది. అత్త తల దువ్వుకొని, పూలు పెట్టుకొని, ఒడి నిండా గింజలు నింపుకొని వచ్చింది. గట్టు మీద కూర్చున్న అవ్వ కేకేసింది:

"నేలకు మొక్కి వెయ్యి మే! ఊరికే వేస్తావా యేంది?"

అత్త వంగి మొక్కింది. జడ్డిగంలో మొదటి గింజలు వదిలింది. గొర్రు కదిలింది.

పది బారలు పోయిందో లేదో బండెద్దు రోడ్డు వైపు తిరిగింది. దానికి తెలిసిందల్లా రోడ్డే.

"ఒరే, అది రోడ్డు గాదురా నాయనా, చేను!" అని రసూల్ సాబ్ ముందు పరిగెత్తి ముకుతాడు పట్టుకున్నాడు. మామ ఎద్దు ఇటు లాగితే అది అటు లాగింది.

"గోరంట్ల సంతకు పోతాండారప్పా వీళ్లు!" అని గట్టు మీద నుంచి ఒకరు.

"కాదప్పా, హిందూపురం ఆసుపత్రికి!" అని ఇంకొకరు.

"ఆడికే పోతాంది. యెవరన్నా వస్తారా, తోడు?" అని అత్త తిరిగి అరిచింది. ఆమె చెయ్యి ఆగలేదు. గొర్రు ఎటు తిరిగితే అటే నడిచింది. సాయంత్రానికి చేనంతా విత్తారు. సాళ్లు మాత్రం పాము పోయినట్టు పడ్డాయి.

మొలకలు అందరి చేలల్లో వచ్చినప్పుడే వచ్చాయి. బయ్యన్న మరొకరి ఎద్దును తోడు తెచ్చుకొని తన చేను విత్తుకున్నాడు. అక్కడ ఎంత మొలిచిందో ఇక్కడా అంతే. ఎక్కువా లేదు, తక్కువా లేదు. తేడా ఒక్కటే, అత్త చేను రోడ్డు మీద నుంచి చూసినా గుర్తుపట్టొచ్చు. పచ్చటి గీతలు వంపులు తిరుగుతూ పోయేవి. బస్సు కిటికీల నుంచి జనం చూపించి నవ్వేవాళ్లు.

వంకర సాళ్ల మధ్య కలుపు తీసేకి ఎద్దులు లాగే గుంటక పోదు. పోతే పైరే లేచిపోతుంది. అందువల్ల కలుపంతా చేత్తో తియ్యాల్సి వచ్చింది. అత్త ముయ్యికి పిలిచింది. అందరూ రాలేదు. మాబీ వచ్చింది, పక్కింటి వాళ్లు వచ్చారు. అత్తగారితో చెప్పకుండా ఆశ్రిత వచ్చింది.

ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఆ కలుపులో రోజుకొక నిజం ఆటగా మారింది. "మా ఆయన గురక పెడ్తే దిండుతో నొక్కాలనిపిస్తాది" అని ఒకామె. అందరూ పడీపడీ నవ్వారు. నవ్వు తగ్గాక మాబీ, చేతిలోని గరిక మట్టి దులుపుతూ అంది: "నాకు కాన్పులో ఒక పాప పోయింది, మీకు తెలుసు కదా. ఆ ఏడు నేను గుడక హిందూపురం పోయి ప్రసూన మేడమ్‌తో మాట్లాడొస్తాంటి. బట్టలకు దారం తెచ్చేకి పోతాండానని మీకు చెప్తాంటి."

 పక్కనున్నామె చెంబు అందించింది. మాబీ నీళ్లు తాగి, మళ్లీ వంగింది.

ఆశ్రిత మెల్లగా వెనకబడి అత్త సాలులోకి వచ్చింది.

"చిన్నత్తా, ఆ మేడమ్ ఏ వారం ఉంటుంది?"

అత్త తల తిప్పలేదు. "యేంటికి?"

"నిద్ర పట్టడం లేదు. పొద్దున లేస్తే భయమేస్తుంది. దేనికో తెలియదు."

"తెలియకపోతే ఏం, ఉంటాది. నాకూ తెలియలేదు. బుధవారం ఉంటాది ఆమె." అత్త ఇంకో గరిక దుబ్బు పెరికింది. "నువ్వు మెల్లగా అడిగినావు, నేనూ మెల్లగానే చెప్పినా. ఇది నీ మాట, యెవరికీ చెప్పను. కానీ బస్సు మాత్రం మీ మామ కూర్చునే టీ అంగడి ముందరే ఎక్కాల. ఆడే ఆగుతాది అది."

"మామ అడిగితే?"

"నేను పక్కనుంటా. చెప్తావో లేదో నీ ఇష్టం."

బుధవారం టీ అంగడి ముందు బెంచీ మీద బయ్యన్న, ఆయన చుట్టూ మామూలు మనుషులే ఉన్నారు. అత్త అంగడాయన దగ్గర గ్లాసు నీళ్లు అడిగి తీసుకొని, అందరి ముందరే మాత్ర మింగింది. గ్లాసు కడిగి ఇచ్చింది. ఆమె పక్కన చేతిసంచి పట్టుకొని కోడలు నిలబడి ఉండటం బయ్యన్న అప్పుడు చూశాడు.

"యాడికి పోతాండారు?" అన్నాడు, అత్తను చూస్తూ.

"ఆసుపత్రికి."

"మళ్లానా? ఆ పిల్లను యేంటికి తిప్పుతాండావు నీ వెంట?"

అత్త నోరు తెరిచింది. కానీ ఆశ్రిత ఒక అడుగు ముందుకు వేసింది. ఆమె మాట బెంచీ చివరి మనిషి దాకా వినిపించింది.

"ఆమె నన్ను తిప్పడం లేదు మామా. నేనే పిలుచుకొని పోతున్నా. చూపించుకోవాల్సింది నాకు."

 బస్సు వచ్చి నిలబడింది. అత్త ముందు ఎక్కలేదు. ఆశ్రితను ఎక్కనిచ్చి, తర్వాత తాను ఎక్కి, అంగడి వైపున్న కిటికీ సీటు చూసి ఆమెను అక్కడే కూర్చోబెట్టింది.