నూలు గదిలో బుధవారాలు

పోయిన వారం హోట్గి రోడ్డులో చెవుల డాక్టరు నా చెవులకు రెండు డిప్పలు తగిలించి, చప్పుడు వినబడినప్పుడల్లా వేలు ఎత్తమన్నాడు. లావు చప్పుళ్లకు ఎత్తాను. సన్నవి ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయాయో నాకు తెలియనే లేదు. వెంట వచ్చిన మనవరాలు మొహం చిన్నబుచ్చుకుంది గాని, నా మనసు అప్పటికే నలభై ఏళ్లు వెనక్కి, ఈ మరాఠీ ఊళ్లోనే ఉన్న భవాని పేట్‌లోని మా నూలు గదిలోకి వెళ్లిపోయింది.

ఎనిమిదో తరగతి కాగానే నన్ను బడి మాన్పించారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మాకు నాలుగు పవర్‌లూమ్ మగ్గాలు ఉండేవి. నాన్న చద్దర్లు నేసేవాడు, నేను నూలు కండెలు చుట్టేదాన్ని. ఆ దడదడలో ఎవరూ నోటితో మాట్లాడేవారు కాదు, అన్నీ చేతి సైగలే. బొటనవేలు నోటి దగ్గర పెడితే మంచినీళ్లు, రెండు వేళ్లు గుండ్రంగా తిప్పితే కండె. గల్లీ చివరి కిరాణా దుకాణం దాటి ఒంటరిగా పోనిచ్చేవారు కాదు. పద్దెనిమిదేళ్లు నిండేసరికి ఆ షెడ్డు గోడలు రోజుకింత దగ్గరికి జరుగుతున్నట్టు ఊపిరాడేది కాదు. ఎవరితో చెప్పుకోను, చెప్పినా ఆ చప్పుడులో ఎవరికి వినబడుతుంది?

ఆ ఏడే బొంబాయిలో తాను పనిచేసే మిల్లు మూతపడి, మా అక్క భర్త ఒక టేప్‌రికార్డరుతో, సంచెడు క్యాసెట్లతో మా ఇంటికి చేరాడు. ఫుట్‌పాత్ మీద కొన్న ఆ క్యాసెట్లలో ఒకదానికి పేరున్న కాగితం చిరిగిపోయింది. బావ దాన్ని రెండు నిమిషాలు విని, "ఏందే ఈ ఏడుపు, మయ్యత్ ఇంట్ల పీనుగ ముందల కూసున్నట్టుంది" అంటూ నా ఒళ్లో పడేశాడు.

బుధవారం మాకు కరెంటు సుట్టి, అంటే సెలవు, వారంలో మగ్గాలు ఆగేది ఆ ఒక్క రోజే. నీరసించిన బ్యాటరీ సెల్లులను ఎండలో పెట్టి మళ్లీ బతికించుకున్న రోజులు మీకూ ఉండే ఉంటాయి. నేనైతే మంగళవారమే వాటిని మిద్దె మీద పరిచేదాన్ని. మరునాటి మధ్యాహ్నం నూలు గది తలుపు దగ్గరగా వేసుకుని ఆ క్యాసెట్ పెట్టుకునేదాన్ని. అందులో పాట లేదు, మాట లేదు. ఒక బూర ఎవరినో వెతుకుతున్నట్టు నెమ్మదిగా మూలిగేది, దాని కింద లావు తీగ ఒకటి అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేది, తోడుగా డప్పు మీద చీపురుతో ఊడ్చినట్టు మెత్తని రాపిడి. చిన్నప్పుడు అమ్మతో మ్యాట్నీకి పోయి చూసిన నలుపు తెలుపు నేరాల సినిమాలు గుర్తొచ్చేవి. వానకు తడిసిన వీధిలో, దీపం కింద, టోపీ పెట్టుకున్న మనిషి సిగరెట్టు ముట్టించుకుంటాడే, ఆ సినిమాలు. వాటిలో ఎవరికీ తప్పించుకునే దారి ఉండేది కాదు. అందుకే కాబోలు, పేరైనా తెలియని ఆ సంగీతం నా సొంతమనిపించింది.

అప్పుడే హైదరాబాదులో టీచరుగా ఉన్న మేనత్త, నన్ను తన దగ్గర ఉంచుకుని పదో తరగతి ప్రైవేటుగా కట్టిస్తానని నాన్నకు ఉత్తరం రాసింది. ఆయన ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని మూడు వారాలు మగ్గాల మధ్యే తిరిగాడు. నాలుగో బుధవారం నేరుగా నూలు గదిలోకి వచ్చాడు. నేను భయపడి టేప్ ఆపబోతే, ఉండనీ అన్నట్టు సైగ చేసి పక్కన కూర్చుని, అరచేయి టేప్‌రికార్డరు మీద ఆనించాడు. మగ్గాల మధ్య ఆయన చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. బూర ఆయనకు అందలేదు, ఆ లావు తీగ మాత్రం చేతికి అందింది.

"ఊర్ల మా నాయిన చేతితోని నేసే గుంట మగ్గం గిట్లనే నడుస్తుండె బిడ్డా, నిమ్మళంగ. నన్ను పన్నెండేండ్లకే ఊరి నుంచి ఈడికి తోలిన్రు. గప్పటిసంది ఈ షెడ్డే." జేబులోంచి ఉత్తరం తీసి నా ముందు పెట్టాడు. "అత్తకు నువ్వే రాయి. నువ్వు పోతే కండెలు ఎవలు సుడుతరు?"

ఆ మాట అంటూ నా మొహం చూడలేకపోయాడు. గట్టిగా తిట్టి ఉంటే ఎదురు తిరిగి పోయేదాన్నేమో. తలుపు బయట కాపలా ఉన్నాడనుకున్న మనిషి నాతోపాటు లోపలే బందీగా ఉన్నాడని ఆ పూట తెలిసింది. రావడం కుదరదని అత్తకు ఆ సాయంత్రమే రాశాను. ఆయన మీద ఇప్పటికీ కోపమే. ఆయన మీద జాలిపడి ఆగిపోయినందుకు నా మీద ఇంకా ఎక్కువ కోపం. రెండేళ్లకు పెళ్లయి ఊళ్లోనే ఉన్న జోడ్‌భావి పేట్ వెళ్తే అక్కడా షెడ్డే, అక్కడా కండెలే.

డాక్టరు దగ్గరి నుంచి వచ్చాక ఇదంతా చెబితే, మనవరాలు ఫోనులో చిటికెలో అలాంటి సంగీతమే వెతికి, దాన్ని జాజ్ అంటారని చెప్పి, తన చిన్న స్పీకరు డబ్బాలో పెట్టింది. కాసేపు విని, బూర ఇంకా రాలేదా అని అడిగాను. "మొదటి నుంచి అదే మోగుతోంది కదా అమ్మమ్మా" అంది.

వచ్చే నెల ఆ పిల్ల చదువుకోవడానికి పుణె పోతోంది. నువ్వు పోతే ఎలా అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. భవాని పేట్‌లో మా షెడ్డు మూతపడి ఏళ్లయింది, ఇప్పుడు అక్కడ వారమంతా బుధవారమే. అంత నిశ్శబ్దం దొరికినా, వినడానికి నాకు చెవులు మిగల్లేదు. నాన్నలాగే అరచేయి డబ్బా మీద ఆనించి కూర్చున్నాను. అరచేతి కింద ఆ గుంట మగ్గం నడుస్తూనే ఉంది, నిమ్మళంగా.