ఐసు మీది తెప్పలు

మా కిరాయి గదిలో నాతో ఉండిన అన్న ఏ చల్లని వస్తువు దొరికినా ముందు చెంపకు ఆనించుకునేవాడు. ఆయన పరిశోధన జీవకణం పొర మీద. ఆ పొరలో కొలెస్ట్రాల్, కొన్ని గట్టి కొవ్వులు చేరి కంటికందని తెప్పలు కడతాయట, క్షణంలో విడిపోతాయట. సబ్బులాంటి మందులో కణాన్ని కరిగిస్తే తెప్పలు మాత్రం మిగులుతాయి, అదీ ఐసు మీద ఉంచితేనే.

"సల్లగున్నంత సేపే కలిసుంటయిరా" అనేవాడు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక బంద్‌నాడు ఎల్బీనగర్‌లోని ఆయన ల్యాబులో కరెంటు పోయింది. ఏడాది కష్టపడి విడదీసిన తెప్పలన్నీ రెండు చిన్న గొట్టాల్లో ఉన్నాయి. వాటిని థర్మాకోల్ డబ్బాలో పెట్టుకొని, ఐసు కోసం ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాం. దారి పొడవునా షట్టర్లు దించే ఉన్నాయి. చౌరస్తాలో ఆగి గొట్టం చెంపకు ఆనించుకున్నాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఏదన్న షట్టరు కొట్టి అడుగుదామన్నా" అన్నాను.

"నిన్న గీ దుకాన్లన్నీ తిరిగి బంద్ పెట్టుమన్నది నేనే గదరా. ఏ ముఖం పెట్టుకొని అడగాలె?"

ఐసు దొరకలేదు, గొట్టాలు చల్లదనం పోయి వేడెక్కాయి. తరువాత ఆయన మళ్ళీ ల్యాబుకు పోలేదు.

తెలంగాణ వచ్చిన రోజు అదే చౌరస్తాలో, ఎగిరి గంతులేస్తున్న జనం మధ్య కనిపించాడు. ఎవరో ఇచ్చిన కూల్‌డ్రింకు సీసాను తాగకుండా చెంపకు ఆనించుకొని నిలబడి ఉన్నాడు.