ప్రార్థనలో చెప్పిన ఇంటి నంబరు

రూతు పడుకునే గదిలో చెక్కనేలకు నాలుగు చిల్లులున్నాయి. ఒకప్పుడు మగ్గాన్ని బోల్టులతో బిగించిన చోట్లవి. పదకొండేళ్ల కిందట అమెరికాలోని లోవెల్‌లో ఈ వాటా అద్దెకు చూడ్డానికి వచ్చినప్పుడు, ఆ చిల్లుల్లో వేలు పెట్టి చూసి, ఇంకేమీ అడక్కుండా ఒప్పేసుకుంది. చీరాల దగ్గర నేతపని చేసిన ఇంటి పిల్ల ఆమె. మగ్గం నిలబడ్డ నేల ఆమెకు పరాయిది కాదు.

ఊరి నడిబొడ్డున ఎర్ర ఇటుకల పాత బట్టలమిల్లు అది. కిటికీ కిందే కాలువ. ఒకప్పుడు ఆ నీళ్లే మగ్గాల్ని ఆడించేవి. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు గంట కొడితే లేచి, గంట కొడితే పడుకుని, పొద్దస్తమానం నిలబడి నేశారు. వాళ్లలో ఎవరికీ ఇక్కడ అడుగు నేల దక్కలేదు. ఇప్పుడా నేలనే చరిత్ర పేరు చెప్పి, అందమైన ఫొటోలు తీసి అమ్ముతున్నారు.

మిల్లును వాటాలుగా అమ్మేస్తున్నామని చలికాలం మొదట్లో ఓనర్ నుంచి ఉత్తరం వచ్చింది. అద్దెకున్నవాళ్లకే మొదటి హక్కు. తొంభై రోజుల్లో బ్యాంకు కాగితంతో సహా ఒప్పుకోలు అందకపోతే, మర్నాటి నుంచి ఎవరైనా కొనుక్కోవచ్చు.

రూతుకు ఇది మోజు కాదు. ఎడమకన్ను మసకబారాక కారు నడపడం మానేసింది. ఆసుపత్రి వంటశాలలో పని, నడిచి పది నిమిషాలు. ఈ ఇల్లు పోతే ఆ ఉద్యోగమూ పోయినట్టే. భర్త పోయాక దాచిందంతా ఊడ్చి లోన్‌కు అప్లై చేసింది. బ్యాంకువాళ్లు ఇస్తామన్నారు. కానీ ఆసుపత్రి యాజమాన్యం మారి, ఆమె ఉద్యోగం గురించి ఇవ్వాల్సిన ఉత్తరం బల్ల మీంచి బల్ల మీదికి తిరుగుతూ ఉండిపోయింది. గడువు సోమవారం సాయంత్రం. ముందురోజు ఆదివారానికీ కాగితం రాలేదు.

వాళ్ల తెలుగు చర్చిలో ప్రార్థన మనవి గుసగుసగా చెప్పుకునేది కాదు. దేవుణ్ని పేరు పెట్టి, వివరంగా అడగాలంటారు పాస్టర్ గారు. ఎవరు ఏమడిగినా సెక్రటరీ నళిని ఫోన్‌లో టైప్ చేసి గ్రూపులో పెడుతుంది, వారమంతా అందరూ ప్రార్థించడానికి. రూతు లేచి అంతా చెప్పింది. నాలుగో అంతస్తు, కాలువ వైపు, నాలుగువందల పన్నెండో నంబరు. ధర ఎంతో, గడువు ఎప్పుడో, బ్యాంకు కాగితం ఇంకా రాలేదనీ. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంది. చుట్టూ "ఆమెన్" అన్నారు.

తిరిగొస్తుంటే బస్సులో కూతురు అబిగేల్ మొహం ముడుచుకుంది.

"యూనిట్ నంబర్ ఎందుకు చెప్పావ్ అమ్మా? గాడ్‌కి మన అడ్రస్ తెలీదా?"

"నోర్ముయ్. మనవాళ్లే కదా."

సోమవారం రూతు ఆ ఉత్తరం కోసం మూడుసార్లు పని వదిలి ఆసుపత్రి ఆఫీసు మెట్లెక్కింది. ఐదు దాటింది. ఉత్తరం అంది, బ్యాంకు కాగితం వచ్చేసరికి మంగళవారం పన్నెండయింది. ఓనర్ మనసు కరగకపోతుందా అని అది పట్టుకుని బయల్దేరబోతుంటే జోసఫ్ ఫోన్ చేశాడు. అతను వాళ్ల చర్చిలో పెద్ద, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. అతని భార్య కాన్పుకి నలభై రోజులు పథ్యం వండిపెట్టింది రూతే.

"అక్కా, తప్పుగా అనుకోకండి. మీకు లోన్ అవ్వలేదని విన్నాం. ఎవడో బయటివాడు ఎగరేసుకుపోయేకన్నా మనవాళ్ల చేతిలో ఉంటే మంచిది కదా. పొద్దున్నే క్యాష్ ఆఫర్ పెట్టాను. యాక్సెప్ట్ చేశారు."

రూతు వంటశాల గోడకు ఆనుకుంది.

"మరి మేము?"

"జూన్ దాకా ఉండండి. తర్వాత మార్కెట్ రెంట్ అక్కా. మీరని కాస్త తగ్గిస్తాలెండి."

"కాగితం వచ్చింది తమ్ముడూ. ఇప్పుడే, నా చేతిలోనే ఉంది. నీ ఆఫర్ వెనక్కి తీసుకో. కొనేవాళ్లు మానుకోడానికి ఇంకా వారం టైముంటుందటగా. నీకు రెండిళ్లున్నాయి."



"ప్రార్థనలో పెడతానక్కా," అన్నాడు జోసఫ్.

ఆ వారం రూతు అన్నం కలుపుకుని అలాగే వదిలేసేది. రాత్రి కాలువ నీళ్ల చప్పుడు వింటూ, నేల మీది చిల్లుల్ని కాలితో తడుముకునేది. రోజూ జోసఫ్‌కు మెసేజ్ పెట్టింది. చేతులు జోడించిన బొమ్మ ఒక్కటే తిరిగొచ్చేది.

ఇళ్లు కొని అద్దెకివ్వడాన్ని మనవాళ్లు ఇప్పుడు తెలివి అంటున్నారు. ఒకరి గోడు వింటూనే అందులో బేరం వెతుక్కోవడం కూడా ఆ తెలివిలో భాగమే కాబోలు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో మొదట లేచింది జోసఫే. దేవుడు తన కుటుంబాన్ని కొత్త ఆస్తితో ఆశీర్వదించాడని, కాలువ పక్కన చరిత్ర ఉన్న ఇల్లనీ, త్వరలో ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకుంటామనీ చెప్పాడు. నంబరు చెప్పలేదు. అందరికీ తెలుసు. గ్రూపులో ఉంది. అయినా చప్పట్లు కొట్టారు. అతని భార్య మాత్రం బైబిలు అట్ట మీది నుంచి చూపెత్తలేదు.

పాస్టర్ గారు మనవులేమైనా ఉన్నాయా అని అడిగారు. అబిగేల్ తల్లి కొంగు పట్టుకుని లాగుతున్నా రూతు లేచింది.

"జూన్ తర్వాత మాకు ఇల్లు లేదు. ఒక ఇల్లు కావాలి."

నళిని టైప్ చేయడం మొదలుపెట్టి ఆగింది. "ఏ ఏరియా అక్కా? బడ్జెట్ ఎంత? డీటెయిల్స్ చెప్తే గ్రూపులో పెడతా."

రూతు జోసఫ్ వైపు చూసింది. అతను కీబోర్డు వాయించేవాళ్ల వైపు చూస్తున్నాడు, పాటేదన్నా ఎత్తుకుంటారేమోనని.

"వద్దమ్మా," అంది రూతు. "అడ్రసు దేవుడికి తెలుసు. ఇల్లు కావాలంది, అంతవరకే రాసుకో."