చెక్క మీద ఆరు చుక్కలు

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, చెప్పకుండా ఉండలేను. మా పెద్దమ్మ దారాల కొట్టు నడిపేది. దర్జీలు గుడ్డముక్క తెచ్చి బల్ల మీద పెడితే చాలు, వెనక్కి తిరిగి వందల రీళ్లలోంచి సరిగ్గా కలిసే రంగు లాగి ఇచ్చేది. ముప్పయ్యేళ్లలో ఒక్క రీలు కూడా వాపసు రాలేదని ఆవిడకు మహా గర్వం. పెళ్లి చేసుకోలేదు. తల్లిలేని నన్ను పెంచింది, కొట్టును పెంచింది. ఎవరైనా జాలి పడబోతే, నాకేం తక్కువని నోరు మూయించేది.

అరవయ్యో ఏట ఆవిడకు తన బొమ్మ వేయించుకోవాలని బుద్ధి పుట్టింది. ఫోటో వద్దట, ఫోటోలో రంగులన్నీ అబద్ధాలట. గురువు దగ్గర పన్నెండేళ్లు పాత పద్ధతిలో నేర్చుకున్న చిత్రకారుడొకాయన మా వీధి చివరి మేడ మీద ఉండేవాడు. ఆయనది నత్తనడక. వారానికొక్క రోజు, అదే కుర్చీ, అదే కిటికీ, పొద్దున పదింటికి అదే వెలుగు. పెద్దమ్మ కూర్చోగానే ముందుగా ఆవిడ ముఖం రంగు కలిపి, చిన్న చెక్క మీద ఒక చుక్క పెట్టి, పక్కన తేదీ వేసేవాడు. అది గురువు నేర్పిన అలవాటు. ఆ తర్వాతే కుంచె కాన్వాస్ మీదికి వెళ్లేది. తోడు వెళ్లిన నేను విసుగ్గా గోళ్లు చూసుకుంటూ కూర్చునేదాన్ని.

ఆరో వారం చుక్క పెట్టాక ఆయన కాన్వాస్ జోలికి వెళ్లలేదు. చెక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. మొదటి చుక్క గోధుమ రంగు. ఆరోది పసుపు కలిపినట్టుంది. వెలుగు మారలేదని, రంగులు మారలేదని, పెద్దమ్మ ముఖమే మారుతోందని మెల్లగా చెప్పాడు.

"కళ్లు కూడా చూడండమ్మా. ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించండి."

నాకు ఒళ్లు మండింది. రోజూ ఎదురెదురుగా కూర్చుని తింటున్న నాకు కనిపించనిది వారానికోసారి చూసే ఈయనకు కనిపించిందా? బొమ్మ కుదరక తప్పు మనిషి మీదికి నెడుతున్నాడని, చేతకాకపోతే ఆ ముక్క చెప్పెయ్యమని నోటికొచ్చినట్టు అన్నాను. పెద్దమ్మ చెక్క అందుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. దర్జీ తెచ్చిన గుడ్డను చూసినట్టే తిప్పి తిప్పి చూసి, తన చేతిని దాని పక్కన పెట్టుకుంది. తర్వాత నవ్వి చెక్క ఆయనకు తిరిగిచ్చేసింది.

"మొదటి రోజు రంగే వెయ్యండి బాబూ," అంది.

మూడు వారాల్లో బొమ్మ ఇంటికొచ్చింది. గోధుమ రంగు ముఖం, నిండైన బుగ్గలు. చూసినవాళ్లంతా అచ్చం ఆవిడేనన్నారు. దాని కిందే కూర్చుని పెద్దమ్మ పూటపూటకూ తిండి తగ్గించింది. ఎండల వల్లేమోననుకున్నాను. నెల తిరిగాక ఒక దర్జీ, రంగు కలవలేదని రీలు వాపసు తెచ్చాడు. అప్పుడు పట్టుకుంది నాకు భయం. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి తీసుకెళ్లాను. లోపల గడ్డ ఉందని, రెండు నెలల ముందు తెచ్చి ఉంటే కోసి తీసేసేవాళ్లమని, ఇప్పుడు చెయ్యగలిగింది లేదని డాక్టరు చెప్పింది. రెండు నెలల ముందంటే ఆరో చుక్క.

మంచం పక్కన కూర్చుని, ఆయన మాట విననివ్వనిది నేనేనని ఏడ్చాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజే నాకు తెలిసిపోయిందమ్మా. రంగు విషయంలో అప్పటికి నా కన్ను ఏనాడైనా తప్పిందా? కానీ నువ్వు ఆయన్ని అంత గట్టిగా కోప్పడుతుంటే, నీ మాటే నిజమైతే బాగుండుననిపించింది."