దేవుడి గదిలో నీళ్ల డబ్బా

2005లో నేను పలాసలో ఒక భజన ఆశ్రమం వారి ట్రస్టులో మోనిటరింగ్ ఆఫీసర్‌ని. మోనిటరింగ్ అంటే, చేస్తున్న పని చేరవలసినవాళ్లకి చేరుతోందా, మేలు చేస్తోందా అని చూసుకోవడం. ఉద్దానం మొత్తం నా కంటిచూపుతో నడిచేదని మనవలకి చెబుతుంటాను. నిజానికి నావి సోంపేట వైపు నాలుగు ఊళ్లు. మోపెడ్డు కూడా ఆఫీసుదే.

అక్కడ ఊరూరా ఉన్న కిడ్నీ జబ్బుకి నూతి నీళ్లే కారణమేమోనని అప్పట్లో కొందరి అనుమానం. తేల్చి చెప్పినవాళ్లు లేరు. ఎందుకైనా మంచిదని ఆశ్రమం శుద్ధి చేసిన నీళ్లు డబ్బాల్లో ఇంటింటికీ పంపేది. డబ్బా మీద స్వామి బొమ్మ. హారతి అయ్యాకే బండి కదిలేది. నా ఇండికేటర్, అంటే పని సాగుతోందని చెప్పే గుర్తు, ఒక్కటే: రోజూ తాగుతున్నారా? భజన అయ్యాక, అందరి చేతుల్లో ప్రసాదం ఉండగా అడిగేవాణ్ణి. అందరూ తాగుతున్నామనేవారు.

భజనకి వచ్చేవాళ్లలో దాలమ్మ ఒకతి. ఆమె భర్త చిన్నయ్యకి జీడితోట ఉంది. అతనికీ ఆ జబ్బు మొదలైంది. నూతి నీళ్లు మానమని డాక్టరు చెప్పాడు.

"రోజూ తాగుతన్నాడు బాబూ, ఒక్క పూటా మాన్నేదు," అంది దాలమ్మ. "తేరుకుంటాడు కదా?"

"తేరుకుంటాడమ్మా, నాదీ పూచీ," అన్నాను. ఆ పూచీ ఇవ్వడానికి నేనెవర్ని?

వానాకాలంలో చిన్నయ్య మంచం పట్టాడని తెలిసి మొదటిసారి వాళ్లింటికి వెళ్లాను. దాహమడిగితే దాలమ్మ కుండలోంచి ముంచి ఇచ్చింది. నూతి నీళ్లు.

"డబ్బా నీళ్లు అయిపోయాయా?"

"దాహానికి తాగేత్తారేటి బాబూ? స్వామి నీళ్లు కదా."

దేవుడి గదిలో డబ్బా ఉంది. బొట్టు పెట్టి, మందారం ఉంచి, పక్కన ఉద్ధరిణి. నీళ్లు ఇంకా మూత దగ్గరే ఉన్నాయి. భర్తకి రోజూ స్నానం చేయించి, అతని అరచేతిలో ఒక ఉద్ధరిణెడు పోస్తోంది.

మంచం మీంచి చిన్నయ్య నవ్వాడు. "ఇంకో సుక్కడిగితే స్వామి కోప్పడతాడంటాది బాబూ. స్వామి కన్నా ఇదే పిసినారి."

ఆ రోజు నుంచి గ్లాసులతో పోసింది. అప్పటికే ఆలస్యమైంది. జీడిచెట్లు పూతకి రాకముందే పోయాడు.

డబ్బా మీద బొమ్మ తీసేయమని మేనేజరుతో పోట్లాడాను. పోట్లాడలేదు, చేతులు కట్టుకుని అడిగాను. బొమ్మకి ఒప్పుకోలేదు. బండి మాత్రం హారతికి ముందే కదలడం మొదలైంది. నేనూ భజనలో అడగడం మానేశాను. చేతులు జోడించినచోట ఎవరూ మనకి కావలసిన జవాబు చెప్పరు, దేవుడికి నచ్చేదే చెబుతారు. అందుకని ఏ ఇంటికెళ్లినా దాహమడిగి, ఏ కుండలో ముంచుతున్నారో చూసేవాణ్ణి.

కర్మకాండ అయ్యాక దాలమ్మ దగ్గరికి వెళ్లాను.

"మొదట్నుంచీ గ్లాసులతో పోసుంటే బతికేవోడా బాబూ?"

"తెలీదమ్మా."

లోపలికెళ్లి నీళ్లు తెచ్చింది. ఏ కుండలోంచి ముంచిందో ఆ రోజు నేను చూడలేదు. తాగేశాను.