ఏసుపాదం మేస్త్రి గారు ఆపిన యంత్రం

మొన్న ఏలూరు బైపాసు మీద, పెట్రోలు బంకు పక్కన రోడ్డు వేస్తున్నారు. డ్రమ్ముల్లో తారు కాగుతోంది. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు మా పాత రైసుమిల్లు గుర్తొచ్చింది. నా పాత మోపెడ్‌తో వరసలో నిలబడ్డాను. ముందు కారులో కూర్చున్నాయన ధరల బోర్డు చూసి తిట్టుకుంటున్నాడు. "ఈసారి కరెంటు కారు కొనేస్తానండి. ఖర్చూ ఉండదు, పొగా ఉండదు. భూమికి కూడా మంచిదంట" అన్నాడు నాతో. అంటూనే తాగేసిన నీళ్ల సీసాని కిటికీలోంచి కాలవలోకి విసిరాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ధర పెరిగితే వీళ్లకి భూమి గుర్తొస్తుంది, తగ్గితే మరిచిపోతారు. నా వయసు డెబ్బై దాటింది. ఈ తంతు ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క లేదు. ఇంధనం మిగిల్చే యంత్రాన్ని సొంత చేతులతో తయారుచేసి, అది అవతలివాళ్ల కడుపు కొడుతోందని తెలిసిన రోజున సొంత చేతులతోనే ఆపేసిన మనిషిని మాత్రం ఒక్కణ్నే చూశాను. ఆయన్ని మీరెవరూ ఎరగరు. ఆయన పేరు మీద వీధి లేదు, విగ్రహం లేదు. అందుకే రాస్తున్నాను.

గుండుగొలను దాటాక, కొల్లేటిలోకి పోయే మురుగు కాలవ, మా వైపు కోడు అంటారు, దాని పక్కన ఆ రైసుమిల్లు ఉండేది. నేను అందులో ఇంజను డ్రైవర్ని. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. అయిదో క్లాసుతో చదువు ఆగిపోయినవాణ్ని. ఏసుపాదం గారు మా మిల్లు ఫిట్టరు. అందరూ మేస్త్రి గారనేవారు. మిషను బడిలో చదువుకున్న మనిషి. ఆదివారం గుడికి తెల్లపంచె కట్టుకుని వెళ్లేవారు, మిగతా ఆరు రోజులూ గ్రీజు చేతులే. ఇంజను మీద ఇత్తడి రేకులో ఉన్న ఇంగ్లీషు అక్షరాలు నాకు ఆయనే నేర్పారు. "చదవడం రాకపోతే ఇంజను నిన్ను నడుపుతుందయ్యా వెంకన్నా, నువ్వు దాన్ని నడపవు" అనేవారు. ఇవాళ పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివి, ఇంతింత కోపం తెచ్చుకోగలుగుతున్నానంటే ఆయన పెట్టిన భిక్షే.

అప్పట్లో డీజిలు దొరికేది కాదు. దొరికినా ధర మండేది. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. డబ్బాలు పట్టుకుని బంకు దగ్గర పడిగాపులు కాసేవాళ్లం. మిల్లు వెనక చూస్తే ఊక కొండలా పడి ఉండేది. దాన్ని ఊరికే తగలబెట్టేవారు. ఒకరోజు మేస్త్రి గారు మా ఇంటికొచ్చి వంటింటి గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్నారు. మా ఆవిడ ఊక పొయ్యి మీద అన్నం వండుతోంది. ఊకని గట్టిగా కూరిన పొయ్యి అది, నెమ్మదిగా కాలుతుంది. "అమ్మా, ఆ గిన్నె ఒక్క నిమిషం దించండి" అన్నారు. దించితే, పొయ్యి నోటి దగ్గర నీలంగా ఓ మంట ఆడుతోంది. "చూశావా? ఊక తనకి చాలినంత గాలి అందక కాలడం మానేసి ఉడుకుతోంది. ఆ ఉడుకులోంచి వచ్చే గ్యాసది. దాన్ని పట్టుకుంటే ఇంజను నడుస్తుంది" అన్నారు. మా ఆవిడ అన్నం గిన్నె పట్టుకుని నిలబడే ఉంది. "పట్టుకోండి గానండి, ముందు నా అన్నం ఉడకనివ్వండి" అంది. ఆయన నవ్విన నవ్వు నాకిప్పటికీ వినిపిస్తుంది.

పట్టుకున్నారు. పాత ఇనపడ్రమ్ములు అతికించి, గొట్టాలు బిగించి, నాలుగు నెలలు తిప్పలు పడ్డారు. గ్యాసులో తారు ఉంటుంది, అది లోపలికి పోతే వాల్వులు పట్టేస్తాయి. అందుకని గ్యాసుని నీళ్లతో కడిగి ఇంజనుకి ఇచ్చారు. మొదలుపెట్టడానికి కాస్త డీజిలు కావాలి, ఆ తర్వాత అంతా ఊకే. నాలుగు డబ్బాలు పోసే చోట ఒక్క డబ్బాతో మిల్లు ఆడింది. మిల్లు షావుకారు గారి ఆనందం చెప్పనలవి కాదు. తాడేపల్లిగూడెం నుంచి, అత్తిలి నుంచి మిల్లులవాళ్లు చూడ్డానికొచ్చేవారు. "మా ఏసుపాదం చేశాడు" అని భుజం తట్టి చూపించేవారాయన. గ్యాసు కడిగిన నల్లనీళ్లు గొట్టం గుండా వెనకున్న కోడులోకి పోయేవి. అటు ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

కొల్లేటి లంకల నుంచి నాగమ్మ అని ఒకావిడ తట్టలో చేపలు పెట్టుకుని మిల్లుకొచ్చేది. మేమంతా ఆవిడ దగ్గరే కొనేవాళ్లం. ఆ ఏడు చేపల కూర తింటే కిరసనాయిలు తాగినట్టుండేది. కూలీలంతా ఆవిడ మీద విరుచుకుపడ్డారు. "ఏం నాగమ్మా, చేపల్ని లాంతర్లో పెంచుతున్నావా?" అని ఒకడు. "కుళ్లినవి తెచ్చి అంటగడుతోంది" అని ఇంకొకడు. నేనూ అన్నాను. పాపం ఆవిడ తట్ట దించి, "పొద్దున్నే పట్టినయ్యండి బాబూ, మా పిల్లల మీదొట్టు. తట్టని బూడిదేసి తోమాను. వాసనెక్కణ్నుంచొత్తందో నాకూ తెలవట్లేదు" అని కళ్లొత్తుకుంది. మేస్త్రి గారు ఓ చేపని తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత తన అరచేయి వాసన చూసుకున్నారు. మళ్లీ చేపని వాసన చూశారు. దాన్ని తట్టలో పెట్టేసి కోడు గట్టున నడుచుకుంటూ పోయారు, సాయంత్రానికి గాని తిరిగి రాలేదు.

మర్నాడు నాగమ్మ వచ్చేదాకా ఆగి, అందర్నీ పిలిచి, అందరి ముందూ చెప్పారు. "తప్పు నీది కాదు నాగమ్మా. మా మిషను కడిగిన నీళ్లు మీ కొల్లేట్లో కలుస్తున్నాయి. చేసింది నేను. నన్ను తిట్టు" అన్నారు. చెప్పి, లోపలికెళ్లి గ్యాసు ఆపేశారు. షావుకారు గారు పరుగెత్తుకొచ్చారు.

"ఏమయ్యా ఏసుపాదం, మతి పోయిందా? చేపల కోసం మిల్లాపుతావా?"

"మిల్లాపమనట్లేదండి. వెనక రెండు సెంట్ల స్థలం, రెండు లారీల ఇటుక ఇప్పించండి. నీళ్లు నిలవబెట్టే గోతులు కట్టి, బొగ్గులో వడగట్టాక వదులుదాం."

"ఊక కొండలకే చోటు చాలట్లేదు, మళ్లీ నీళ్లకి కూడా స్థలమా? కొల్లేరంత పెద్దది, ఈ చుక్కనీళ్లు దానికో లెక్కా?"

"తినేవాళ్లకి లెక్కేనండి."

షావుకారు గారు నా వైపు తిరిగారు. "వెంకన్నా, నువ్వు నడుపుతావా, ఇంకొకణ్ని చూసుకోమంటావా?" అన్నారు.

మేస్త్రి గారు కూడా నా వైపే చూశారు. నేను తల దించుకుని "పిల్లలున్నారండి" అన్నాను, ఎవరితో అన్నానో నాకే తెలియదు. "నాకూ ఉన్నారయ్యా" అన్నారాయన మెల్లిగా. పానాలూ పనిముట్లూ గుడ్డలో చుట్టుకుని ఆ పూటే వెళ్లిపోయారు.

తర్వాత సంగతి వినండి. డీజిలు దొరకడం మొదలైంది, కరెంటు కాస్త నిలకడైంది. భుజం తట్టి చూపించిన ఆ యంత్రాన్ని షావుకారు గారు పాత ఇనుము కింద అమ్మేశారు. ఊక మళ్లీ తగలబడింది, దాని బూడిద మళ్లీ మా కంచాల్లో రాలింది. కొల్లేటి చుట్టూ చేపల చెరువులొచ్చాయి, వాటి గట్ల మీద డీజిలు ఇంజన్లొచ్చాయి, వాటి మురికంతా అదే కొల్లేట్లోకి పోయింది. ఇప్పుడు ధర మండుతోంది గనక పచ్చదనం మీద మీటింగులు పెడుతున్నారు, ప్లాస్టిక్ పూలదండలతో. పెద్దమనుషులు ఉపన్యాసాలిస్తున్నారు. బయట వాళ్ల కార్లు ఏసీ కోసం ఇంజను ఆపకుండా నిలబడి ఉంటాయి. మీకు సిగ్గనిపించదా అని అడిగాను ఒకసారి. పెద్దాయన్ని కూర్చోబెట్టండి, మంచినీళ్లివ్వండి అన్నారు.

మేస్త్రి గారు తాడేపల్లిగూడెంలో పంపుసెట్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నారు. చాలా ఏళ్లకి వెళ్లి కలిశాను. షెడ్డు వెనక చిన్న ఊక గ్యాసు డ్రమ్ము, దాని పక్కన ఇటుకతో కట్టిన మూడు గోతులు. మొదటిదాంట్లో నీళ్లు నల్లగా ఉన్నాయి, రెండోదాంట్లో టీ రంగులో ఉన్నాయి, మూడోదాంట్లో కొర్రమీను పిల్లలు తిరుగుతున్నాయి. "వీటిల్ని నేనూ తింటానయ్యా, వాసన రాదు" అన్నారు. రెండు సెంట్లు కూడా పట్టలేదు. నాకు టీ తెప్పించారు, మా పిల్లల గురించి అడిగారు. మిల్లు సంగతి ఒక్క ముక్క అడగలేదు. ఆయన పోయి చాలాకాలమైంది. నాకు ఆయన అంటించిన జబ్బు ఒకటి మిగిలింది. ఎవరైనా కొత్త యంత్రం చూపించి మంచిదంటే, నేను ముందు దాని వెనక్కి వెళ్తాను. కరెంటు స్కూటర్ల షాపులో కుర్రాడు మైలేజీ చెబుతుంటే, అరిగిపోయిన బ్యాటరీ ఎక్కడ పారేస్తారని అడిగాను. వాడు నవ్వాడు. జవాబు చెప్పేదాకా కదలనని అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

లోకాన్ని ఇంతలా తిడుతున్నవాణ్ని, నా సంగతి కూడా చెప్పాలి. మేస్త్రి గారు వెళ్లిపోయాక ఆ సీజను పొడుగునా గ్యాసు నడిపింది నేనే. కోడులోకి నల్లనీళ్లు వదిలింది నేనే. పదిహేను రోజుల తర్వాత నాగమ్మ వచ్చింది, ఇంజను గది తలుపు దగ్గర నిలబడి నన్ను పిలిచింది.

"అబ్బాయ్, మేస్త్రి గారు ఎల్లిపోయారంట గదా, దొడ్డ మనిషి. ఆ మిషను ఆపేశారా మరి? సేపలు ఇంకా అలాగే వాసనొత్తన్నాయి. నా తట్టలోనే ఏదో ఉందని కొత్తది కొన్నాను."

నా వెనక ఇంజను తిరుగుతూనే ఉంది. డీజిలుతో తిరిగినా గ్యాసుతో తిరిగినా బయటివాళ్లకి ఒకటే చప్పుడు.

"ఆపేశామమ్మా" అన్నాను.

ఆవిడ నమ్మింది. "అయితే తగ్గుద్దిలే" అంది. ఆ రోజు చేపలు ఎవరూ కొనలేదు. నిండు తట్ట నెత్తికెత్తమని అడిగితే, రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తాను.